జిల్లా ఫెయిలైతే మళ్లీ రాస్తుందా సార్?

2024 డిసెంబరు 4న ఈ దేశం పిల్లల చేత ఒక మహాయజ్ఞం చేయించింది. పేరు పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్, బడిపిల్లలకి చదువెంత వచ్చిందో చూసే జాతీయ సర్వే. అంతకుముందు దీన్నే నాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే) అనేవారు. పేరు మారిస్తే జాతకం మారుతుందని పెద్దల నమ్మకం. మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు పెట్టారు. మిడిల్ స్కూల్లో, అంటే ఎనిమిదో తరగతి దాకా, చదివిందేమైనా బుర్రకెక్కిందా, పై చదువు మోయగలరా అన్నది తొమ్మిదో తరగతి వాళ్లతో తేల్చాలి. (మన జడ్పీ హైస్కూళ్లలో ఆరు నుంచే హైస్కూలు కదా అంటారేమో. ఢిల్లీ లెక్కలో ఎనిమిది దాకా మిడిలే.) 781 జిల్లాలు, 21 లక్షలకు పైగా పిల్లలు. తక్కువ సంబరం కాదు.

సర్వే అంటే ఎవరికి ఎంత వచ్చో ఉన్నదున్నట్టు చూడటం. ఉన్నదున్నట్టు చూస్తే పరువు పోదూ? అందుకని చాలాచోట్ల ముందే మాక్ టెస్టులు, ప్రాక్టీస్ పేపర్లు, జవాబుకో సున్నా దిద్దే ఓఎంఆర్ షీట్ల తర్ఫీదు. జ్వరం చూడబోయే ముందు థర్మామీటర్‌ని కాసేపు కుండనీళ్లలో నానబెట్టామన్నమాట.

ఆ నవంబరులో ఏ ఊరి బడికెళ్లినా ఇదే సీను. లెక్కల పీరియడ్. బోర్డు మీదున్న బీజగణితాన్ని తుడిచేసి సారు నాలుగు సున్నాలు చుట్టారు. ఏ, బీ, సీ, డీ. "సున్నా మొత్తం నిండాలి. గీత దాటకూడదు. టిక్కులు, ఇంటూలు పెడితే ఊరుకోను." పిల్లలు నాలుక కొస బయటపెట్టి మరీ దిద్దుతున్నారు. అక్షరాభ్యాసం నాడు కూడా ఇంత భక్తి లేదు. వెనక బెంచీ వాడి పెన్ను కారి సున్నాకి మీసాలొచ్చాయి. సారు వాడి నెత్తిన ఒక్కటి మొట్టి, ఇంకో జిరాక్సు ఇచ్చారు. ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, దీనికి మాకు మార్కులొస్తాయా?"

"మీకు రావమ్మా. జిల్లాకి వస్తాయి."

"ఫెయిలైతే?"

"జిల్లా ఫెయిలవుతుంది."

"మళ్లీ రాస్తుందా సార్?"

శిక్షణలో ఈ ప్రశ్న ఎవరూ చెప్పలేదు. సారు సుద్దముక్క వంక చూసుకున్నారు. ఇంతలో మీసాల సున్నా వాడు లేచాడు. "జవాబు తెలీకపోతే ఏం చెయ్యాలి సార్?" సారు ప్రాణం లేచొచ్చింది. "తెలీకపోయినా ఏదో ఒకటి దిద్దెయ్. ఖాళీ మాత్రం వదలొద్దు." బడిలో ఇన్నేళ్లలో వాడికి పూర్తిగా అర్థమైన పాఠం ఇదొక్కటే.

2025 జూలైలో ఫలితాలొచ్చాయి. తొమ్మిదో తరగతి లెక్కల్లో దేశ సగటు 37 శాతం. కంగారు పడకండి, మన పాస్ మార్కు 35. దేశం రెండు మార్కులతో గట్టెక్కింది. ఆరో తరగతిలో కూడికలు, పదో ఎక్కం దాకా సరిగ్గా వచ్చినవాళ్లు 53 శాతమట. కార్పొరేట్ బడుల మాటెత్తకండి. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ వేసినవాళ్లకి పునాదుల గురించి మనమా చెప్పేది?

సరే, ఆ అమ్మాయికి భాగహారం వచ్చా, రాదా? తెలియదు. ఆమెకి చెప్పరు, వాళ్ల సారుకీ చెప్పరు. దిద్దిన షీటు పోయిన దారినే పోయింది. జిల్లాకో రిపోర్టు కార్డు, రాష్ట్రానికో రిపోర్టు కార్డు, అధికారులకి రంగురంగుల పట్టికలు. పిల్లకి మాత్రం చేతికంటిన సిరా.

ఆ సర్వే అయిన పన్నెండు రోజులకి, అదే డిసెంబరు 16న, కేంద్రం ఇంకో కాగితం విడుదల చేసింది. ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పిన పిల్లల్ని అదే తరగతిలో ఆపొచ్చు. కేంద్రీయ విద్యాలయాల్లాంటి కేంద్రం బడులకి ఇది వర్తిస్తుంది, రాష్ట్రాలు తమ సంగతి తాము తేల్చుకోవాలి. పరీక్ష మాత్రం బట్టీ మీద ఆధారపడకూడదట, పిల్లల సమగ్ర వికాసానికి తోడ్పడాలట. ఆహా. వికాసం సరిపోని పిల్లాడు మళ్లీ ఎనిమిదిలోనే కూర్చుంటాడు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ పిల్లాడికి మూడో తరగతిలోనే తీసివేత రాలేదు. నాలుగులో ఎవడూ అడగలేదు, ఐదులో ఎవడూ అడగలేదు. అడగాల్సిన టీచరు ఎక్కడున్నాడు? 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కుల సర్వేకి ప్రాథమిక టీచర్లని పంపి, ఆ బడులని ఒంటిపూట చేశారు. ఒక సర్వే చేయడానికి చదువు ఆపి, చదువు ఎందుకు రాలేదో ఇంకో సర్వేలో చూస్తారు! 37 తెచ్చుకున్న వ్యవస్థ ఏటా పై తరగతికి పోతూనే ఉంటుంది, దాన్ని ఆపినవాడు లేడు. పదమూడేళ్ల పిల్లాడు దొరికాడు డిటెయిన్ చేయడానికి. సిగ్గుండాలి.

అయినా నిబంధన నిబంధనే, అందరికీ వర్తింపజేద్దాం. తప్పినవాళ్లకి అదనపు బోధన ఇచ్చి, ఫలితాలొచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలని ఆ కాగితంలోనే ఉంది. విద్యాశాఖలకి ఫలితాలు జూలైలో వచ్చాయి. సెప్టెంబరు దాటి చాలా రోజులైంది.