సీసాన్ని కొత్తిమీర రసం కడిగేయదు

ఈ వారంలో ఇది నాలుగోసారి. “సీసం భయం వ్యాపారులు పుట్టించింది, తల్లులూ కంగారు పడకండి” అని మొదలయ్యే ఆ వాట్సాప్ సందేశాన్ని ఈసారి మా పిన్ని పంపింది. అందులో చెప్పినట్టే మనవడికి అప్పుడే కొత్తిమీర రసం మొదలుపెట్టిందట. ఇక ఊరుకోలేను.

తాతలు కళాయి గిన్నెల్లో తిని నూరేళ్లు బతికారట. కళాయి అంటే తగరం, సీసం కాదు. చవకగా వస్తుందని తగరంలో సీసం కలిపి పూసినచోట పిల్లలకు ఏమైందో రక్తం తీసి చూసినవారెవరు?

నీళ్లు కాచి తాగిస్తే చాలట. చావడానికి సీసం క్రిమి కాదు. నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాళ్లు పెరుగుతాయి.

పెట్రోలులో సీసం 2000లోనే తీసేశారు కాబట్టి బెడద పోయిందట. తీసేసిన మాట నిజం, గొప్ప మేలు కూడా. కానీ పిన్ని వాళ్ల వీధి చివర పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసపు పలకలు కరిగించే కొట్టు ఉంది. సాయంత్రం పనివాడు చొక్కా నిండా బూడిదరంగు పొడితో ఇల్లు చేరతాడు. రెండేళ్ల పాప పరుగున వచ్చి అతని కాళ్లు చుట్టేస్తుంది, ఆ వేళ్లే నోట్లో పెట్టుకుంటుంది. మింగిన సీసంలో పెద్దల ఒంటికి పట్టేది దాదాపు పదో వంతయితే, పసివాళ్లకు సగం దాకా పడుతుంది. డెసిలీటరు రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు దాటిన పిల్లలు మన దేశంలో సుమారు 27.5 కోట్ల మంది ఉంటారని 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ అంచనా వేశాయి. పోయిన బెడద ఇదేనా?

పిల్లవాడు ఆడుతూ పాడుతూ ఉంటే ఏమీ లేనట్టేనట. సీసం చప్పుడు చేయదు. కాల్షియం వేషంలో మెదడులోకి దూరి, నరాల కణాలు ఒకదానితో ఒకటి అల్లుకునే వయసులోనే ఆ అల్లికను చెడగొడుతుంది. 2005లో ఏడు అధ్యయనాల్లోని 1,333 మంది పిల్లల వివరాలు కలిపి చూస్తే, డెసిలీటరు రక్తంలో సీసం 2.4 నుంచి 10 మైక్రోగ్రాములకు పెరిగినప్పుడు ఐక్యూ 3.9 పాయింట్లు తగ్గింది. 10 నుంచి 20కి పెరిగినప్పుడు తగ్గింది 1.9 మాత్రమే. అంటే బయటికి ఏ లక్షణమూ కనిపించని ఆ మొదటి కొంచెమే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇక అన్నిటికన్నా నాకు ఒళ్లు మండించిన మాట: ఇరవై ఒక్క రోజులు కొత్తిమీర రసం తాగిస్తే సీసం పోయి తెలివి తిరిగొస్తుందట! అమెరికాలో 780 మంది పసివాళ్లపై ఒంట్లోని సీసాన్ని బయటికి పంపే సక్సిమర్ అనే అసలైన మందునే పరీక్షించారు. రక్తంలో సీసం తగ్గింది. మూడేళ్ల తర్వాత చూస్తే, మందు తీసుకున్న పిల్లల తెలివితేటలు తీసుకోనివారికన్నా ఏమీ మెరుగుపడలేదు. ఆ ఫలితం 2001లోనే వచ్చింది. డాక్టర్లు ఇచ్చిన మందు తేలేనిదాన్ని రోట్లో నూరిన ఆకు తెస్తుందా? ఆ ఇరవై ఒక్క రోజులూ తల్లి నిశ్చింతగా ఉంటుంది, పొడి మాత్రం ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. ఈ సందేశం రాసినవారిని నేను క్షమించలేనిది ఇందుకే.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ సందేశంలో పిల్లలకు తోటకూర, పప్పు, పాలు పెట్టమన్నది మంచి సలహా. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంటికి సీసం ఇంకా ఎక్కువగా పడుతుంది. మొదటిసారి చదివినప్పుడు దాన్ని కూడా కొట్టిపారేశాను, అది నా పొరపాటు.

పిన్నికి ఫోను చేశాను. రసం తొమ్మిదో రోజుట. తోటకూర మానొద్దు, గచ్చు రోజూ తడిగుడ్డతో తుడువు, రేపు పొద్దున్నే వస్తాను, బాబును రక్తపరీక్షకు తీసుకెళ్దాం అన్నాను.