34 మీటల మోక్షం

హైదరాబాదులో త్యాగబుద్ధి నశించిందని బాధపడే పెద్దలు ఏదైనా ఒక అర్ధరాత్రి కొండాపూర్, మాదాపూర్ అపార్టుమెంట్ల వైపు వెళ్లి చూడాలి. మంచి జీతాలు తెచ్చుకునే యువకులు నిద్ర మానుకుని తమ కీబోర్డులోని మీటలను ఒక్కొక్కటిగా త్యజిస్తూ కనిపిస్తారు. వాళ్లూ అందరిలాగే 104 మీటలతో సంసారం మొదలుపెట్టినవారే. ముందు కుడిచేతి పక్కనున్న అంకెల గుంపును వదిలారు. తరువాత ఎఫ్ వన్ నుంచి ఎఫ్ ట్వెల్వ్ దాకా బంధాలు తెంచుకున్నారు. ఆపైన కీబోర్డును నడిమికి రెండుగా చీల్చి, ఒక్కో సగాన్ని ఒక్కో భుజానికి ఎదురుగా పెట్టుకుని, 58 మీటల లిలీ అనే నమూనా ఆశ్రమంలో చేరారు. వైరాగ్యం ముదిరాక 42 మీటల కోర్నే. ఇంకా ముదిరితే 34 మీటల స్వీప్.

మా అక్కయ్య కొడుకు ఈ దారిలో చాలా దూరం వెళ్లాడు. "అంకెల వరుస కూడా తీసేశాను మామయ్యా" అని చెప్పినప్పుడు వాడి ముఖంలో కనిపించిన ప్రశాంతత, తిరుమలలో గుండు చేయించుకుని వచ్చినవారిలో కూడా నేను చూడలేదు.

"మరి అంకెలు కావలసి వస్తే ఏం చేస్తావురా?"

"బొటనవేలితో ఒక మీట నొక్కి పడితే అక్షరాలే అంకెలైపోతాయి. దాన్ని లేయర్ అంటారు. నాకు ఆరు లేయర్లున్నాయి."

అంటే వదిలినవన్నీ నేలమాళిగలో భద్రంగానే ఉన్నాయన్నమాట. మన సన్న్యాసుల సంప్రదాయం చెక్కుచెదరలేదు.

న్యాయం న్యాయంగా మాట్లాడుకోవాలి. మామూలు కీబోర్డు ఆకారాన్ని వెనకేసుకు రావడం కష్టం. అందులో వరుసలు ఒకదాని కింద ఒకటి పక్కకు జరిగి ఉండటానికి కారణం మన వేళ్లు కాదు, పాత టైపు మిషను లోపలి కడ్డీలు. ఒక మీట కడ్డీ ఇంకో మీట కడ్డీకి అడ్డం రాకూడదని అలా జరిపారు. 1874లో రెమింగ్టన్ కంపెనీ అమ్మకానికి పెట్టిన యంత్రం నాటి ఏర్పాటది. కడ్డీలు పోయాయి, వంకర మిగిలింది. రెండు చేతులనూ ఛాతీ ముందుకు లాక్కొచ్చి మణికట్లు బయటికి వంచి రోజుకు పది గంటలు కొడితే నొప్పి పుట్టక ఏమవుతుంది? చీల్చిన కీబోర్డులో ఆ వంపు పోతుంది. మీటలు వేళ్ల పొడవును బట్టి నిలువు వరుసల్లో ఉంటాయి. అన్నిటికన్నా బలమైన బొటనవేలికి పదాల మధ్య ఖాళీ కొట్టడం కాక మరో పని కూడా దొరుకుతుంది. ఇదంతా సత్యం. సత్యం మీద వ్యంగ్యం పనిచేయదు కనుక ఇక్కడితో వదిలేస్తున్నాను.

అసలు ప్రమాదం దీనికి సంబంధించిన సర్వస్వం ఉచితంగా దొరకడంలో ఉంది. మీటలు బిగించే సర్క్యూట్ బోర్డు నమూనా ఉచితం, పెట్టె నమూనా ఉచితం, లోపల నడిపే ప్రోగ్రాం ఉచితం. కొనే వస్తువైతే ఒకసారి కొని ఊరుకుంటాం. ఉచితానికి అంతు లేదు. బోర్డులు అచ్చువేసే చైనా కర్మాగారాలు ఒకటి రెండు కావాలంటే చేయవు, కనీసం అయిదు తీసుకోవాలి. ఒక కీబోర్డుకు రెండు చాలు. అయిదింటితో రెండు కీబోర్డులయ్యాక ఒక బోర్డు ఒంటరిగా మిగులుతుంది. దానికి జత కోసం మళ్లీ అయిదు. పది బోర్డులు, అయిదు కీబోర్డులు. చేతులు మాత్రం భగవంతుడిచ్చిన రెండే. మిగిలినవాటిని వదిలించుకోవడానికి ఆఫీసులో పక్కసీటు వాడికి ఉపదేశం మొదలవుతుంది. ఈ శాఖ విస్తరణకు మణికట్టు నొప్పి కన్నా ఈ మిగులు బోర్డులే పెద్ద కారణమని నా నిశ్చితాభిప్రాయం.

ఇంకో విశేషం. చాలా నమూనాల్లో రెండు చేతులకూ ఒకటే బోర్డు. తిప్పి పెడితే కుడి, తిప్పకపోతే ఎడమ. నిద్రమత్తులో తిప్పడం మరచి టంకం వేసిన మహానుభావుల దగ్గర రెండూ ఎడమ చేతులే అయిన కీబోర్డులున్నాయి. పారేయరు. చూసుకుని మురిసిపోతారు.

42 మీటల కోర్నేకు 42 డయోడ్లు, అంటే కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే ముక్కలు, కావాలి. ఒక్కొక్కటి వడ్లగింజంత ఉంటుంది, దాని మీద ఒక సన్నని చార. చార అటు తిరిగితే మీట పలుకుతుంది, ఇటు తిరిగితే మౌనం. మావాడు వాటి కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి, ఎందుకో వివరంగా చెప్పాడట. దుకాణదారు జాలిగా వెనక్కి తిరిగి, నిండు మీటలున్న కీబోర్డు ఒకటి తీసి, "బాబూ, ఇది నాలుగు వందలు. వైరుతో సహా. నీకు మూడు వందల యాభైకి ఇస్తాను" అన్నాడట. లౌకికుడు.

ఇక సాధన. ఎనిమిది వేళ్లూ నిలిచే నడిమి వరుస మీటలకు రెండేసి జన్మలుంటాయి. తట్టి వదిలితే అక్షరం, నొక్కి పట్టుకుంటే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్. కీబోర్డు లోపల నడిచే క్యూఎంకే అనే ప్రోగ్రాంలో ఈ రెంటికీ మధ్య సరిహద్దు, ఎవరూ మార్చకపోతే, 200 మిల్లీసెకన్లు. దాన్ని 180 చేయాలా, 220 చేయాలా అని మావాడూ వాడి మిత్రులూ ఇరానీ చాయ్ చల్లారేదాకా వాదించుకుంటారు. ఒకరోజు ఆఫీసులో వాడు ఒక వాక్యం మధ్యలో ఆలోచనలో పడి వేలు మీట మీదే ఉంచేశాడు. అక్షరం కావలసింది కంట్రోల్ అయింది. ఆ వెంటనే డబ్ల్యూ కొట్టాడు. కంట్రోల్, డబ్ల్యూ కలిస్తే కిటికీ మూసెయ్యమని ఆజ్ఞ. మధ్యాహ్నమంతా నింపిన పత్రం కిటికీతో సహా మాయమైంది. ఇందులో నేను గ్రహించింది ఏమిటంటే, ఈ కీబోర్డు మీద ఆలోచించరాదు. ఆలోచన ఏదైనా ఉంటే 200 మిల్లీసెకన్లలోపు ముగించుకోవాలి.

మీటలు తగ్గించాక అక్షరాల చోట్లు మార్చాలి. 1936లో పేటెంటు పొందిన డ్వోరాక్ అమరిక ఉంది, 2006 నాటి కోల్మాక్ ఉంది. మావాడు కోల్మాక్ దీక్ష తీసుకున్నాడు. పాత అమరికలోని 17 మీటలు అందులో స్థానభ్రంశం చెందుతాయి. దీక్ష మొదట్లో వాడు నిమిషానికి ఎన్ని పదాలు కొట్టేవాడో చెప్పి పరువు తీయను. అక్కయ్యకు పంపిన సందేశాలు చూసి ఆవిడ పిల్లవాడికి ఒంట్లో బాగులేదేమోనని ఫోను చేసింది. అయితే కోల్మాక్ కర్త దూరదృష్టి గలవాడు. సి, వి మీటలను మాత్రం కదపలేదు. నకలు తీసి అతికించే ఆ రెండు మీటలను కదిపి ఉంటే మన హైటెక్ సిటీ ఒక్కపూటలో స్తంభించి ఉండేది.

మీటల మీద అక్షరాలే లేని టోపీలకు వీళ్లు ఎక్కువ ధర పెడతారు. చూడకుండా కొట్టగలమని చాటడానికి. చిక్కడపల్లి డీటీపీ సెంటరులో కూర్చునే ఆపరేటరుకు ఆ యోగం ఖర్చు లేకుండానే సిద్ధించింది. ఏళ్ల తరబడి కొట్టి కొట్టి ఆయన మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి. అను ఫాంట్లలో పెళ్లి పత్రిక ఆయన వేళ్ల నుంచి జారుతుంటే పక్కన నిలబడి చెప్పేవాడి నోరే వెనకబడుతుంది. ఆయన కీబోర్డు రెండుగా చీలలేదు. అడుగున ఒక కాలు విరిగింది, అంతే.

అన్నట్టు, తెలుగు సంగతి. 1991లో భారతీయ ప్రమాణంగా నిలిచిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలామటుకు కుడి చేతికి. క కొట్టే మీటనే షిఫ్ట్‌తో కొడితే ఖ. కీబోర్డును చీల్చాలని ఎవరికీ తోచకముందే మన అక్షరాలు చీలి సిద్ధంగా ఉన్నాయి. ఇంత మర్యాద చేస్తే మావాడి స్వీప్ ఏం చేసింది? చేతికి మూడు వరుసలు, వరుసకు అయిదు మీటలు, కింద రెండు బొటనవేలి మీటలు. ఆ గిరి బయట పడ్డవాటిలో ట, ఠ, డ, ఢ ఉన్నాయి. ఒ గుణింతం కూడా బయటే. కాబట్టి వాడు గచ్చిబౌలి రాయగలడు, మియాపూర్ రాయగలడు, హైదరాబాద్ నిక్షేపంగా రాయగలడు. హైటెక్ సిటీ రాయలేడు. అమీర్‌పేట, కూకట్‌పల్లి, కోఠీ రాయలేడు. సొంత చిరునామా కొండాపూర్ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. పొద్దున్నే దోసె దొరుకుతుంది, ఇడ్లీ వడ దొరకవు. జీతం వస్తుంది, డబ్బు రాదు. అప్పు, ఈఎంఐ మాత్రం ఏ ఆటంకమూ లేకుండా వస్తాయి.

"ట, డ లను ఏడో లేయర్లో పెడతాను మామయ్యా. పైగా కోల్మాక్ వల్ల మిగతా తెలుగంతా చెల్లాచెదురైంది, అదీ సర్దాలి. ఈ శనివారం కూర్చుంటాను" అన్నాడు. వాడి శనివారాలకు అప్పటికే వైరు లేని కీబోర్డు బుక్కయి ఉంది. రెండు సగాలను కలిపే తీగను కరెంటు ఉండగా లాగకూడదు, లాగితే లోపలి చిప్పు పోవచ్చు. అందుకని తీగనూ త్యజించి, క్యూఎంకే మఠం నుంచి, వైరు లేని కీబోర్డులను నడిపే జడ్‌ఎంకే మఠానికి మారుతున్నాడు. అది పూర్తయ్యేదాకా తెలుగు వేచి ఉండాలి. దానికి వేచి ఉండటం అలవాటే.

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వం వెంటనే కలగజేసుకోవాలి. మిగులు బోర్డుల లెక్క తీసి, జతలేని ఎడమ చేతులకు కుడి చేతులను వెతికే కేంద్రం ఒకటి రాయదుర్గంలో తెరవాలి. కోఠీ దుకాణదార్లకు సానుభూతి ప్రకటించే విషయంలో శిక్షణ ఇవ్వాలి. ట, డ లకు పునరావాసం కల్పించేదాకా నగరపాలక సంస్థ కొండాపూర్ వాసుల నుంచి తెలుగులో ఫిర్యాదులు స్వీకరించరాదు. డ్రైనేజీ గురించి అసలే స్వీకరించరాదు.