సెన్సర్‌ను తిట్టే ముందు డాంగిల్ ఎక్కడుందో చూడండి

"ఇంటి ఆటోమేషన్‌కు వైర్‌లెస్ సెన్సర్లు కలపకండి. వైఫై నెమ్మదిస్తుంది, సిగ్నల్ మాటిమాటికీ పోతుంది, నెలకోసారి బ్యాటరీ మార్చాలి, నెట్ ఆగితే అవీ ఆగుతాయి, ఎవరైనా హ్యాక్ చేస్తారు." తెగ తిరుగుతున్న సందేశం ఇది. చివరి ఆరోపణలో కొంత నిజముంది. మిగతావి ఉన్నదున్నట్టుగా నిలబడవు.

ముందు వైఫై సంగతి. జిగ్‌బీ, థ్రెడ్ (తక్కువ కరెంటుతో పరికరాలు మాట్లాడుకునే రేడియో పద్ధతులు) సెన్సర్లు అసలు వైఫైలో చేరవు. వాటి రేడియో వేరు. కాకపోతే అదే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను వాడుకుంటాయి, అనుమానం అక్కడ పుట్టింది. "తలుపు తెరిచారు" అని చెప్పడానికి సెన్సర్ పంపేది కొన్ని పదుల బైట్లు, కొన్ని మిల్లీసెకన్ల పని. ఏనుగు మీద దోమ వాలినట్టు. నిజానికి ఇబ్బంది పడేది వైఫై కాదు, దాని హోరులో చిక్కుకున్న జిగ్‌బీయే.

సిగ్నల్ పోవడానికి అదొక కారణం. వైఫై 1, 6, 11 ఛానళ్ల మధ్య ఖాళీల్లో జిగ్‌బీ 15, 20 ఛానళ్లు పడతాయి, 25 వాటికి పైన ఉంటుంది. వీటిలో ఒకటి ఎంచుకుంటే గొడవ చాలావరకు తగ్గుతుంది. అంకెలు చూసి మోసపోకండి: జిగ్‌బీ 11 పడేది వైఫై 1 పరిధిలో, వైఫై 11 పరిధిలో కాదు.

నా తలుపు సెన్సర్ రోజూ సాయంత్రం మాయమయ్యేది. రెండు బ్యాటరీలు మార్చి, సెన్సర్‌ను నానా మాటలూ అన్నాను. తీరా చూస్తే జిగ్‌బీ డాంగిల్ (సెన్సర్ల మాట వినడానికి కంప్యూటర్‌కు గుచ్చే చిన్న రేడియో) యూఎస్‌బీ 3.0 పోర్టులో ఉంది, దాని పక్కనే హార్డ్ డిస్క్, సాయంత్రం దానిలోకి బ్యాకప్. యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డాంగిల్‌ను మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెట్టాను, టెన్షన్ తీరింది.

ఇంకో పొరపాటు కూడా మామూలే. బ్యాటరీ సెన్సర్లు పది కొని, "ఇక మెష్ (సందేశాలు చేతులు మారుతూ వెళ్లే వల) ఏర్పడుతుంది" అనుకుంటారు. అవి ఒకదాని మాట మరొకటి మోయవు. ఆ పని చేసేవి కరెంటుతో నడిచే స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు. ఆ బల్బును గోడ స్విచ్ దగ్గర ఆపేస్తే దారి తెగినట్టే.

బ్యాటరీ లెక్క సులువు. సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీలో సుమారు 220 మిల్లీఆంపియర్ అవర్లు ఉంటాయి. నిద్రలో 5 మైక్రోఆంపియర్లు తీసుకునే సెన్సర్‌కు అది 44,000 గంటలు, అంటే ఐదేళ్లు. సందేశాలు పంపే ఖర్చు, వయసుతో వచ్చే తరుగు కలిపి సగానికి సగం పోయినా "నెలకోసారి" మాట ఎక్కడిది? బ్యాటరీతో నడిచే వైఫై సెన్సర్లయితే మాత్రం త్వరగానే ఖాళీ చేస్తాయి.

నెట్ సంగతి వైరుకు సంబంధించినదే కాదు. హబ్ (పరికరాలన్నిటినీ నడిపే కేంద్రం) ఇంట్లోనే నిర్ణయాలు తీసుకుంటే, హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ లాగా, నెట్ పోయినా దీపం వెలుగుతుంది. క్లౌడ్‌నే నమ్ముకున్న వ్యవస్థకు వైరు వేసినా అదీ ఆగుతుంది.

ఇక హ్యాకింగ్. చవకైన 433 మెగాహెర్ట్జ్ సెన్సర్లలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ (సందేశానికి రహస్య తాళం) ఉండదు, అక్కడ ఆ సందేశం చెప్పింది నిజమే. జిగ్‌బీకి 128 బిట్ల ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ ఉంది. బలహీనమైన ఘడియ కొత్త పరికరాన్ని జత చేసేటప్పుడే, కాబట్టి పని కాగానే జత చేసే మోడ్‌ను ఆపేయాలి. ఏ రేడియోనైనా జామ్ చేయవచ్చు (రొదతో ముంచి ఆపవచ్చు), దానికి ఎన్‌క్రిప్షన్ అడ్డురాదు. అందుకే దొంగల అలారానికి, గోడలు ఇంకా పూత పడకుండా ఉంటే, నేనూ వైరే లాగిస్తాను.