పురుగే కదా అని వదిలేయొద్దు

ఫంగస్‌కి మందులు అసలే తక్కువ, ఆ ఉన్నవాటికీ లొంగనివి వచ్చేస్తున్నాయి. 2009లో బయటపడ్డ కాండిడా ఆరిస్‌నే చూడండి, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 ఫంగస్‌లతో లిస్టు వేసి దీన్ని అన్నిటికన్నా ప్రమాదకరమైన గ్రూపులో పెట్టింది. కొత్త మందులు అర్జెంటుగా కావాలి, కానీ ల్యాబ్‌లో తయారైన ప్రతిదాన్నీ నేరుగా ఎలుకల మీదే టెస్ట్ చేయాలంటే టైమూ డబ్బూ చాలవు, ఆ మూగజీవాల బాధ సరేసరి.

అందుకే ముందు వడపోత పురుగుల మీద జరగాలని మేం గట్టిగా అంటున్నాం. తేనెపట్టుల్లో మైనం తినేసే గలేరియా మెల్లొనెల్లా లార్వా ఉంది కదా, రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుందేమో, దాని పొట్ట కింద చివరి జత కాళ్లలో ఒకదాని గుండా సన్నటి సూదితో 10 మైక్రోలీటర్ల ఫంగస్ ద్రవం ఎక్కించి 37 డిగ్రీల్లో, అంటే మన ఒంటి వేడిలోనే పెడతారు. పండు ఈగలతో ఇది కుదరదు, అవి ఆ వేడికి తట్టుకోలేవు. ఇన్ఫెక్షన్ ముదిరేకొద్దీ మీగడ రంగు పురుగు మీద నల్ల మచ్చలొస్తాయి, తర్వాత ఒళ్లంతా నల్లబడి ముట్టుకున్నా కదలదు. ఇలాంటి పురుగులకి కొత్త మందు ఇచ్చి చూస్తారు, అది పనిచేస్తే ఎక్కువ పురుగులు బతుకుతాయి, సంగతి కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది.

పురుగుకీ మనిషికీ పోలికేంటి అనేవాళ్లు ఉంటారు. దాని రక్తంలోని కణాలు కూడా మన తెల్లకణాల్లాగే ఫంగస్‌ని మింగి చంపుతాయి. అసలు టోల్ అనే జన్యువు పాడైతే ఈగలు ఫంగస్‌కి బలైపోతున్నాయని 1996లో శాస్త్రవేత్త జూల్ హాఫ్‌మన్ బృందం చూపించాకే కదా మన ఇమ్యూనిటీ గురించీ చాలా తెలిసొచ్చింది, ఆయనకి 2011లో నోబెల్ కూడా వచ్చింది. అయితే పురుగుకి యాంటీబాడీలు ఉండవు, ఊపిరితిత్తులు ఉండవు, కాబట్టి ఎలుకల అవసరం పూర్తిగా పోదు.

మాకు కోపం తెప్పించేది ఇంకోటి. చేపల ఎరకి అమ్మే పురుగుల్ని కొనుక్కొచ్చి ప్రయోగాలు చేసే ల్యాబులు చాలానే ఉన్నాయి, వాటికేం తినిపించారో, యాంటీబయాటిక్స్ ఏమైనా వేశారో ఎవరికీ తెలీదు. పురుగుని ఒక వారం పస్తు పెడితే దాని రోగనిరోధక శక్తి పడిపోతుంది, మరి ఒక ల్యాబ్ రిజల్టుని ఇంకో ల్యాబ్‌తో ఎలా పోల్చాలి? పురుగు ఎక్కడిది, బరువెంత, ఏం తింది, ఎంత వేడిలో ఉంచారు, ఇవేవీ రాయని పేపర్లని జర్నల్స్ వెనక్కి పంపాలి, ఒకే రకం పురుగుల్ని పద్ధతిగా పెంచి ల్యాబులకి ఇచ్చే సెంటర్లకి పరిశోధన సంస్థలు ఇప్పుడే డబ్బు పెట్టాలి.