ఇండియానా విజయాన్ని చూపి హైస్కూల్ రిక్రూటింగ్‌ను కొట్టిపారేయడం సరికాదు

2026 జనవరి 19న మయామీని 27-21తో ఓడించి ఇండియానా యూనివర్సిటీ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చాంపియన్ అయినప్పటి నుంచి ఒక వాదన విపరీతంగా ప్రచారంలో ఉంది. హైస్కూల్ కుర్రాళ్ళను ఏరి తెచ్చి నాలుగేళ్ళు తీర్చిదిద్దే కాలం పోయిందనీ, కాలేజీ మారదలచిన ఆటగాళ్ళ పేర్లు నమోదయ్యే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ నుంచి డబ్బు పోసి సిద్ధంగా ఉన్నవారిని తెచ్చుకుంటే చాలుననీ దాని సారాంశం.

ఇండియానాయే ఇందుకు రుజువని మొదటి మాట. 2023లో 3-9తో (మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు) కుదేలైన జట్టు రెండేళ్ళలో 16-0కు చేరింది, అందులో పోర్టల్ పాత్ర పెద్దదే. అయితే కోచ్ కర్ట్ సిగ్నెటీ మొదట తెచ్చుకున్నది ఎవరిని? అంతకుముందు తాను కోచ్‌గా ఉన్న జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో తన దగ్గరే ఆడిన ఐడెన్ ఫిషర్, మికేల్ కమారా, డాంజెలో పాండ్స్ వంటి పదమూడు మందిని, వారికి ఆట నేర్పిన సహాయ కోచ్‌లతో సహా తెచ్చుకున్నారు. తాను పోసిన నారునే ఆయన వేరే మడిలో నాటారు. 2025 నవంబరు 8న పెన్ స్టేట్ మైదానంలో 20-24తో వెనుకబడి, 36 సెకన్లే మిగిలిన వేళ, బంతి అందుకుంటే పాయింట్లు వచ్చే ఎండ్ జోన్ చివరి అంచున గాలిలోకి లేచి బంతి అందుకుని, కిందపడేలోగా కాలి మునివేళ్ళను గీతకు లోపల ఆనించి జట్టును గెలిపించిన ఒమర్ కూపర్, ఇండియానాపోలిస్ హైస్కూల్ నుంచి నేరుగా వచ్చి, పాత కోచ్ వెళ్ళిపోయినా జట్టును వదలని కుర్రాడు. ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన ఇండియానా ఆటగాడు ఫెర్నాండో మెండోజా పోర్టల్‌లోనే వచ్చాడు, నిజమే. కానీ అతణ్ణి హైస్కూల్లో గుర్తించి మూడేళ్ళు పెంచింది బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ.

2024 సీజన్లో ఓహాయో స్టేట్ కప్పు కొనుక్కుందన్నది రెండో మాట. ఆ జట్టులోని విల్ హోవర్డ్, కేలబ్ డౌన్స్ బయటి నుంచి వచ్చినవారే. అయినా టెక్సస్‌తో సెమీఫైనల్లో, 21-14 ఆధిక్యం చేజారే ప్రమాదంలో, టెక్సస్ చివరి ప్రయత్నమైన నాలుగో డౌన్‌లో, ఆ జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఈవర్స్ చేతిలోని బంతిని ఊడగొట్టి, దాన్నే అందుకుని 83 గజాలు పరుగెత్తిన జాక్ సాయర్ 2021లో హైస్కూల్ నుంచి చేరినవాడు. ఆ ఈవర్స్ ఒకప్పుడు ఓహాయో స్టేట్‌లోనే సాయర్ గదిలో ఉండి, తర్వాత టెక్సస్‌కు మారినవాడు కావడం గమనించదగ్గది. ఎగ్బుకా, హెండర్సన్, టుయిమొలొవా కూడా సాయర్‌తోపాటు చేరి నాలుగో ఏట కప్పు అందుకున్నవారే.

ఏడాదిలో జట్టు తయారవుతుందన్న మాటకు జవాబుగా, పోర్టల్ నుంచి దాదాపు కొత్త జట్టునే తెచ్చుకున్న కొలరాడో 2023లో సాధించిన 4-8 చాలు. పోర్టల్‌ను బాగా నమ్ముకున్న ఫ్లోరిడా స్టేట్ 13-1 నుంచి మరుసటి ఏడు 2-10కి జారింది.

పోర్టల్‌కు దూరంగా ఉండమని నేను అనడం లేదు. ఏళ్ళ తరబడి దాన్ని దాదాపుగా కాదనుకున్న క్లెమ్సన్, 2016లోనూ 2018లోనూ చాంపియన్ అయినది, 2025లో 7-6తో సరిపెట్టుకుంది. ఒక క్వార్టర్‌బ్యాక్‌ను, అతను విసిరిన బంతి అందుకునే ఒక రిసీవర్‌ను బయటి నుంచి తేవచ్చు. క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డుగా నిలిచి ఐదుగురు ఒకే మనిషిలా కదలాల్సిన ఆఫెన్సివ్ లైన్‌కు మాత్రం కలిసి సాధన చేసిన ఏళ్ళు కావాలి, కాబట్టి హైస్కూల్ మీద పెట్టే శ్రమలో ముందు వాటా అక్కడికే వెళ్ళాలని నా అభిప్రాయం.