ముందు పాటా, ముందు స్కేలా? బేస్ గిటార్ తొలి పాఠాలపై ఒక వాదోపవాదం

మంద్ర స్వరాలు పలికే, సాధారణంగా నాలుగు తీగలుండే బేస్ గిటార్‌ను కొత్తగా చేతపట్టినవారికి తొలి నెలల్లో ఏమి నేర్పాలన్నదే ఇక్కడి వివాదం. చాలా కాలంగా బేస్ నేర్పుతున్న మాస్టారు, స్కేళ్లు (స్వరాలను వరుసగా ఎక్కి దిగే సాధనలు), వేళ్ల సాధన కుదిరిన తరువాతనే పాట పట్టాలంటారు. ఆయన దగ్గరే నేర్చుకొని, ఇప్పుడు ఒక చర్చి బృందంలో వాయిస్తూ కొత్తవారికి నేర్పుతున్న శిష్యుడు, పాటల్లో బేస్ వాయించే సులువైన స్వర వరుసలతోనే, అంటే బేస్ లైన్లతోనే మొదలుపెట్టాలంటాడు.

మాస్టారు: నాయనా, కర్ణాటక సంగీతంలో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు దాటిన తరువాత గాని గీతం చెప్పరు. స్వరస్థానమూ తాళమూ నిలబడకముందే సాహిత్యం అందిస్తే, తప్పులు కూడా పాటతోపాటే కంఠస్థమవుతాయి. బేస్ విషయంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. దీని తీగ పొడవు సాధారణంగా 34 అంగుళాలు ఉంటుంది. మెడపై అడ్డంగా ఉండే మెట్లను ఫ్రెట్లంటారు. మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ వరకే దాదాపు 13 సెంటీమీటర్ల దూరం. చేతిని ఎలా ఉంచాలో తెలియని పిల్లవాడు పాట మీది ఆత్రంతో మణికట్టు వంచి, బొటనవేలితో మెడను నొక్కిపట్టి వాయించడం మొదలుపెడితే, ఆ అలవాటును తరువాత మాన్పించడం ఎంత కష్టమో నేర్పేవారికే తెలుస్తుంది.

శిష్యుడు: చేతి తీరు ముందుగా సరిదిద్దాలన్న మాటకు నేను ఎదురు చెప్పను, మాస్టారూ. ఆ దూరం చేయి చిన్నదైనవారికి భారమే గనుక నేను అయిదో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టిస్తాను. అక్కడ నాలుగు ఫ్రెట్ల మేర పది సెంటీమీటర్లకు కొద్దిగా మించుతుంది, అంతే. కాని సరళీ వరుసలను ఎవరూ తాళం వేయకుండా, శ్రుతి లేకుండా చెప్పరు. మన తరగతుల్లోనో, పిల్లవాడు ఒక్కడే కూర్చొని, ఏ తోడూ లేకుండా, సి మేజర్ స్కేలును పైకీ కిందికీ వాయిస్తూ ఉంటాడు. డ్రమ్స్‌లో కాలితో మోగించే కిక్‌తో కలిసి పాట నడకను పట్టి ఉంచడం, పైన మారుతున్న కార్డుకు (కలిపి పలికే స్వరాల గుంపుకు) ఆధార స్వరం అందించడం బేస్ చేయవలసిన పని. స్కేలు ఎన్నిసార్లు తిప్పినా ఆ పని ఒక్కసారైనా జరగదు. 1987లో యూ2 బృందం విడుదల చేసిన ‘విత్ ఆర్ వితౌట్ యూ’ పాటను చూడండి. ఆ బృందంలో బేస్ వాయించే ఆడమ్ క్లేటన్ దాదాపు పాట పొడవునా డి, ఎ, బి, జి అనే నాలుగు స్వరాలనే, ఒక్కొక్క బారుకు (నాలుగు బీట్ల ఆవృత్తానికి) ఒక్కొక్కటిగా, బారుకు ఎనిమిది మీటుల చొప్పున వాయిస్తాడు. కొత్తవాడు ఆ నాలుగు చోట్లు గుర్తుపెట్టుకుంటే చాలు, మొదటి వారంలోనే ఒక సంపూర్ణమైన పాటలో తన పని తాను చేసినవాడవుతాడు.

మాస్టారు: చోట్లు గుర్తుపెట్టుకోవడం వేరు, వాయించడం వేరు. చూపుడు వేలు, నడిమి వేలు మార్చి మార్చి మీటితే ఆ ఎనిమిది మీటులూ ఒకే బలంతో, ఒకే ఎడంతో రావాలి. కొత్తవారికి చూపుడు వేలి దెబ్బ గట్టిగానూ నడిమి వేలి దెబ్బ మెత్తగానూ పడుతుంది. రెండో ఆవృత్తం వచ్చేసరికి వేగం పెరుగుతుంది. నాలుగు స్వరాల పాట కనుక సులువని నీవంటున్నావు గాని, దాచుకోవడానికి చోటు లేని పాట కనుక అది కష్టమని నేనంటాను.

శిష్యుడు: అందుకే అది మంచి పాఠమని నా వాదన. వేగం పెరిగినట్లు వ్యాయామంలో పిల్లవాడికి తెలియదు, ఎందుకంటే అక్కడ వాడిని ఎవరూ ఆపరు. పాట రికార్డింగుతో కలిసి వాయించినప్పుడు వాడు తొందరపడితే కార్డు మారకముందే వాడి స్వరం మారిపోతుంది. ఆ ఎబ్బెట్టుతనం మనం చెప్పకుండానే వాడి చెవికి తగులుతుంది. ఇంకొక విషయం. స్వరాన్ని ఎక్కడ ఆపాలన్నది స్కేలు సాధనలో ఎవరికీ పట్టదు. క్వీన్ బృందంలోని జాన్ డీకన్ రాసిన ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’ (1980) బేస్ లైనులో మొదట మూడు ఇ స్వరాలు విడివిడిగా పడతాయి, తరువాత ఇ, జి, ఎ స్వరాలతో ఒక చిన్న వరుస వస్తుంది. ఆ మూడు దెబ్బల మధ్య తీగ మోగుతూనే ఉంటే పాట చచ్చిపోతుంది. బేస్ తీగలను కింది స్వరం నుంచి ఇ, ఎ, డి, జి అంటారు. ఇ తీగను ఫ్రెట్ నొక్కకుండా వాయిస్తున్నప్పుడు ఎడమ చేతి వేళ్లను తీగపై తేలికగా ఆనించి మోత ఆపాలని ఆ ఒక్క లైనే నేర్పుతుంది.

మాస్టారు: మోత ఆపడం గురించి నీవన్నది నిజం, దానిని నా తరగతుల్లో ఆలస్యంగా చెబుతున్న మాటా నిజమే. కాని ఈ పాటలు నేర్చుకొనేవారు స్వరాలు నేర్చుకోరు, ట్యాబ్‌లోని, అంటే ఏ తీగపై ఏ ఫ్రెట్ నొక్కాలో చూపే రాతలోని అంకెలు నేర్చుకుంటారు. ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ (2003) లోని ఏడు స్వరాల వరుసను తొలి బేస్ లైనుగా ఎందరో వాయిస్తారు. రికార్డింగులో అది కాలితో నొక్కే పెడల్ పరికరంతో ఒక ఆక్టేవ్ (స్థాయి) కిందికి దించిన గిటార్ అన్న సంగతి కూడా వారికి తెలియదు. అది పోనీ. బెన్ ఇ. కింగ్ పాడిన ‘స్టాండ్ బై మీ’ (1961) నేర్పావనుకో. ఎ రెండు బార్లు, ఎఫ్ షార్ప్ మైనర్ రెండు బార్లు, డి ఒకటి, ఇ ఒకటి, మళ్లీ ఎ రెండు బార్లు. పిల్లవాడు వారంలో పట్టేస్తాడు. ఆదివారం ఆరాధనలో పాడేవారు గొంతు అందడం లేదని జి శ్రుతికి దించమంటే, అంకెలు తప్ప ఏమీ తెలియని నీ విద్యార్థి ఏమి చేస్తాడు?

శిష్యుడు: మీ అభ్యంతరాల్లో గట్టిది ఇదే. మా బృందంలో శ్రుతి మార్చమనడం తరచుగా జరిగేదే. బేస్ వాయించేవాడి ముందు సాహిత్యంపై రాసిన కార్డుల పేర్లు తప్ప ఇంకేమీ ఉండవు. అందుకే నేను ట్యాబ్ ఇవ్వను, చేతికి ఒక ఆకారం ఇస్తాను. ఎ తీగ మూడో ఫ్రెట్‌లో సి ఉంటే, దాని పంచమమైన జి పక్క తీగపై రెండు ఫ్రెట్లు ముందుకు, అంటే డి తీగ అయిదో ఫ్రెట్‌లో ఉంటుంది. పై సి ఆ తరువాతి తీగపై అదే అయిదో ఫ్రెట్‌లో ఉంటుంది. స, ప, పై స. ఈ ఆకారాన్ని ఎక్కడికి జరిపినా సంబంధం మారదు. ‘స్టాండ్ బై మీ’లో ఆధార స్వరాలను ఇ తీగ అయిదో ఫ్రెట్, రెండో ఫ్రెట్, ఎ తీగ అయిదో ఫ్రెట్, ఏడో ఫ్రెట్‌లలో చూపిస్తాను. జి శ్రుతికి దించమంటే అన్నీ రెండేసి ఫ్రెట్లు వెనక్కి వస్తాయి. రెండో ఫ్రెట్‌లోనిది ఇ తీగను నొక్కకుండా మీటడమే అవుతుంది. ఒక పాటను రెండు శ్రుతుల్లో వాయించిన పిల్లవాడికి స్కేలులోని స్థానాల లెక్కన ఒకటి, ఆరు, నాలుగు, అయిదు అన్న వరుస చేతితోనే అర్థమవుతుంది, ఆ తరువాత పేరు చెబితే నిలుస్తుంది.

మాస్టారు: ఆకారం ఆధార స్వరం దాకా తీసుకువెళ్తుంది, అక్కడే వదిలేస్తుంది. ఎ నుంచి ఎఫ్ షార్ప్‌కు దూకకుండా జి షార్ప్ మీదుగా దిగాలని వాడికి ఎవరు చెప్పాలి? స్కేలే చెప్పాలి. మన పిల్లలు ఇళయరాజా పాటలు విని బేస్ కోసం వస్తారు. ఆయన బేస్ లైన్లలో చాలావరకు రెండో రాగంలా పాడుతూ నడుస్తాయి. స, ప దగ్గరే స్థిరపడిన చేయి అక్కడికి చేరలేదు.

శిష్యుడు: చేరడానికి వేళ్ల వ్యాయామం ఒక్కటే దారి కాదు. అమెరికాలోని మోటౌన్ సంస్థ రికార్డింగులకు వన్నె తెచ్చిన బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు.

మాస్టారు: ఆ మాట అందరూ చెబుతారు, మిగతా సగం చెప్పరు. జేమర్సన్ డెట్రాయిట్‌లో బడి రోజుల్లోనే నిలబెట్టి వాయించే పెద్ద బేస్ నేర్చుకున్నవాడు. కార్డు స్వరాల మధ్య ఆయన వేసే అర్ధస్వరాల నడక ఆ చదువు నుంచి, జాజ్ బృందాల్లో వాయించిన అనుభవం నుంచి వచ్చింది. మీటే వేలు ఒక్కటే కావచ్చు, దాని వెనుక ఉన్న జ్ఞానం చిన్నది కాదు.

శిష్యుడు: ఒప్పుకుంటాను. అయితే ఆ నడక కూడా బృందంలో వాయించడం వల్లనే వచ్చిందని మీరే అన్నారు. మాస్టారూ, స్కేళ్లలోనే ఆగిపోయి వాద్యం అమ్ముకున్నవారిని మీరూ చూశారు, నేనూ చూశాను. వారికి బుద్ధి లేక కాదు, తాము చేస్తున్నది సంగీతమని వారికి ఒక్కనాడూ అనిపించలేదు. ఇ తీగను వదిలి మీటితే వచ్చే స్వరం సుమారు 41 హెర్ట్జ్. అది చెవి కన్నా ముందు ఛాతీకి తెలుస్తుంది. మా చర్చిలో మొదటి చరణమంతా కీబోర్డు మీదే నడిపి, రెండో చరణంలో కిక్‌తోపాటు ఒకే ఒక్క ఆధార స్వరం వేసినప్పుడు, అందరి గొంతులూ తాళానికి సర్దుకోవడం వాయించే పిల్లవాడికి స్పష్టంగా వినబడుతుంది. ఆ తృప్తి ఎరిగినవాడికి సాధన చేయమని మళ్లీ చెప్పవలసిన పని ఉండదు.

మాస్టారు: తృప్తిని నేను కాదనను, తొందరగా దొరికిన తృప్తితో ఆగిపోతారనే నా భయం. కనుక రెండు షరతులు పెడతాను. ఆ నాలుగు స్వరాల పాటను రికార్డింగు లేకుండా, తాళం చెప్పే యంత్రమైన మెట్రోనోమ్ రెండో బీట్, నాలుగో బీట్ మీద మాత్రమే పలికేలా పెట్టి, వేగం చెదరకుండా వాయించనిదే రెండో పాట ఇవ్వవద్దు. ‘స్టాండ్ బై మీ’ నేర్పిన వారమే ఎ మేజర్ స్కేలూ నేర్పాలి.

శిష్యుడు: మొదటి షరతు అలాగే పాటిస్తాను. రెండోదానిలో మాత్రం ముందు పాటే వాయిస్తారు. ఎఫ్ షార్ప్‌కు దిగే దారి ఏదని పిల్లవాడు అడిగిన రోజున స్కేలు చెబుతాను.

మాస్టారు: అడగకపోతే?

శిష్యుడు: ఆ జి షార్ప్‌ను నేనే వాడి పక్కన కూర్చొని వాయిస్తాను, మాస్టారూ. విన్న తరువాత అడగకుండా ఉండడు.