ఎండిన బోరులో వేడి లేదు, ప్రమాదం ఉంది

ఈ వారంలో ఆ సందేశం నాకు ఐదోసారి వచ్చింది. పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లే, నా మేలు కోరేవాళ్లే. దాని సారాంశం ఇది: చిత్తూరు జిల్లాలో ఎండిపోయిన ప్రతి బోరూ ఒక నిధి. వెయ్యి అడుగుల కింద భూమిలో వేడి ఉంది. ఐస్‌లాండ్‌లో ఇళ్లను వెచ్చబరుస్తున్నట్టే దానితో మనకూ వేడినీళ్లు, కరెంటు జీవితాంతం ఉచితం. కాలుష్యం సున్నా. బోరు మూత తీసి, లోతు కొలిచి, ఫొటోతో పాటు పది వేలు అడ్వాన్సు పంపితే చాలు.

ఐస్‌లాండ్ సంగతి నిజమే. అక్కడ పది ఇళ్లకు తొమ్మిది భూగర్భ వేడితోనే వెచ్చగా ఉంటాయి. రేక్యవిక్ నగరంలో 1930లోనే ఈ ఏర్పాటు మొదలైంది. కానీ ఆ దీవి ఉన్నది రెండు భూఫలకాలు విడిపోతున్న చీలిక మీద. మన కాళ్ల కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి పాత రాయి.

లోతు లెక్క చూద్దాం. ప్రపంచ సగటున కిలోమీటరు దిగితే 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. మనలాంటి పాత రాతి నేలలో అంత కూడా పెరగదు. వెయ్యి అడుగులంటే 300 మీటర్లు. సగటు లెక్కే వేసుకున్నా పెరిగేది తొమ్మిది డిగ్రీలు. నీళ్లు మరగాలంటే రెండు కిలోమీటర్లు దాటి తవ్వాలి. పైగా ఆ వేడిని పైకి మోసుకొచ్చేది నీరే. నీళ్లు పడలేదనే కదా ఆ బోరును వదిలేశాం? లేని నీళ్లు వేడినెలా తెస్తాయి?

సందేశంలో ఒక మాటను మాత్రం నేను ఒప్పుకుంటాను. ‘చలికాలం తెల్లవారుజామున బోరు నీళ్లు గోరువెచ్చగా రావడం గమనించలేదా’ అని అడిగారు. గమనించాను. మా చేలో మోటారు వేయగానే పైపు మూతి దగ్గర సన్నగా ఆవిరి లేస్తుంది. అయితే అవే నీళ్లు మే నెలలో చల్లగా తగులుతాయి. అది భూగర్భంలోని నిప్పు కాదు, ఏడాది పొడవునా నేల దాచుకునే సగటు వేడి. చలిదేశాల్లో హీట్ పంపులు, అంటే నేలలో పాతిన గొట్టాల ద్వారా వేడిని అటూ ఇటూ మార్చే యంత్రాలు, ఈ గుణాన్నే వాడుకుని, ఒక యూనిట్ కరెంటుతో మూడు నాలుగు యూనిట్ల వేడిని ఇంట్లోకి తెస్తాయి. అంటే కరెంటు బిల్లు అక్కడా ఉంది. తిరుపతిలో ఇల్లు వెచ్చబెట్టుకోవాలని ఎవరూ కోరరు, చల్లబరచడానికైతే ఇదే పద్ధతి పనికొస్తుంది. ఆ మేరకు నాకూ ఆశ ఉంది. కాకపోతే మనం నేలలోకి వేడిని పంపడమే తప్ప చలికాలంలో తిరిగి తీసుకునేది లేదు కాబట్టి, ఏటికేడాది గొట్టాల చుట్టూ మట్టి వేడెక్కి లాభం తగ్గుతుంది.

కాలుష్యం సున్నా అన్నది అబద్ధం. వేడినీటి ఊటల్లోంచి కుళ్లిన గుడ్ల వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు వస్తుంది. జర్మనీలోని స్టౌఫెన్ పట్టణంలో టౌన్‌హాలును వెచ్చబరచడానికి 2007లో బోర్లు వేశారు. భూగర్భ జలం అన్‌హైడ్రైట్ అనే ఖనిజపు పొరను తాకడంతో అది జిప్సంగా మారి ఉబ్బింది. నేల పైకి లేచి, వందల ఇళ్ల గోడలు బీటలు వారాయి. మన గ్రానైటులో ఆ పొర ఉండదు, నిజమే. అయినా భూమిని తవ్వే పనికి ‘సున్నా’ అనే మాట వాడకూడదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మూత తీయమనడం ఒక ఎత్తు. ఇది రాసినవాళ్లు మనుషులేనా? తెరిచి ఉన్న బోరులో పడ్డ పసిపిల్లల కోసం ఊళ్లకు ఊళ్లు రాత్రంతా మేల్కొని ఏడ్చిన రోజులు మరిచిపోయారా? వాడని బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. పది వేలు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. ఈ సందేశాన్ని ముందుకు తోసే ప్రతి వేలూ ఒక బోరు మీది బండను పక్కకు నెడుతోంది.

పలమనేరు దగ్గర మా మేనత్త కొడుకు ఇది నమ్మి డబ్బు కట్టాడు, బండ తీయించాడు. నిన్న వెళ్లి చూస్తే ఆ ఆరున్నర అంగుళాల నోటికి నాలుగు అడుగుల దూరంలో వాడి మనవరాలు రాతిపొడితో ఆడుకుంటోంది. రెండు ట్రాక్టర్ల మట్టి, గులకరాళ్లు తెప్పించి చీకటి పడేదాకా పోయించి వచ్చాను.